బండిలోనే కాపురం, బండిలోనే ఉద్యోగం: బెజవాడ ఎండలో కుదురుతుందా?

ప్రశ్న: అన్నలూ, మాది విజయవాడ, ఇంటి నుంచే సాఫ్ట్‌వేర్ పని. పాత టెంపో ట్రావెలర్ కొని మంచం, బల్ల, పొయ్యి పెట్టించుకుని ఏడాదంతా రోడ్డు మీదే ఉండాలని ఉంది. మే నెలలో ఎలా? అదే టెన్షన్.

జవాబు: తమ్ముడూ, నాది గుంటూరు, మూడేళ్లుగా బండిలోనే ఉంటున్నా. బ్యాటరీ మీద ఏసీ నడుస్తుందని మాత్రం నమ్మకు. 12 వోల్టుల 200 ఆంపియర్ అవర్ బ్యాటరీలో ఉండేది దాదాపు 2400 వాట్ అవర్లు, వెయ్యి వాట్ల ఏసీ పెడితే రెండున్నర గంటలు కూడా రాదు. అదే ల్యాప్‌టాప్, చిన్న ఫ్యాన్‌కైతే రోజంతా హాయిగా వస్తుంది. అందుకే ఎండలు ముదిరేలోపే నేను అరకు ఎక్కేస్తా.

ఇంకో జవాబు: ముందు కాగితాలండీ. సీట్లు పీకించకముందే ఆర్టీఓ అనుమతి తీసుకుని, మార్పులు ఆర్‌సీలో ఎక్కించుకోండి. తర్వాత చూద్దాంలే అనుకుని నేను నెలన్నర బండి కదపలేకపోయాను, చాలా బాధపడ్డాను.

ప్రశ్న అడిగినవారు: థాంక్స్ అన్నా, రేపే ఆర్టీఓకి వెళ్తా. నీళ్ల ట్యాంకు ఎన్ని లీటర్లది పెట్టించారు?