బైబిల్లోని హెబ్రీ పత్రిక 6:4–6లో చెప్పినవాళ్లు నిజంగా రక్షణ పొందినవాళ్లేనా?

మాది హన్మకొండ. తమ్ముడు 2017లో బాప్తిస్మం తీసుకున్నడు. ఏడాదిన్నరగా చర్చికి రావట్లేదు, "నాకు నమ్మకం లేదక్కా" అని తేల్చి చెప్పిండు. మా బాప్టిస్టు పాస్టరుగారిని అడిగితే యోహాను 10:28 (తన గొర్రెలను ఎవరూ తన చేతిలోంచి లాక్కోలేరని యేసు చెప్పిన మాట) చూపించి, రక్షణ పోదన్నరు. కాజీపేటలోని పెంతెకొస్తు పాస్టరుగారేమో హెబ్రీ 6:4–6 (ఒకసారి వెలిగింపబడి తర్వాత తప్పిపోయినవాళ్లను మళ్లీ మారుమనస్సుకు తేవడం అసాధ్యమనే మాట) చదివి, పోతదన్నరు. రెండు అధ్యాయాలూ మొత్తం చదివిన, తికమక ఇంకా పెరిగింది.

1 యోహాను 2:19 (మనలోంచి వెళ్లిపోయినవాళ్లు అసలు మనవాళ్లు కారనే వచనం) ప్రకారం వాడు మొదటి నుంచీ మనవాడు కాదనుకుందామంటే, హెబ్రీ పత్రిక "పరిశుద్ధాత్మలో పాలివారై" అంటోందాయె! ఉత్తగ చర్చికొచ్చి పోయేటోళ్లను అట్లంటరా? కానీ మళ్లీ 6:9లో పత్రిక రాసినాయన, మీరు ఇంతకంటె మంచిదైన, రక్షణకరమైన స్థితిలో ఉన్నరని వేరుగా చెప్తున్నడు. (అమ్మకు ఇవేవీ చెప్పలేదు, అసలే ఉపవాసాల్లో ఉంది.)

ఆ 4–6 వచనాల్లోని మనుషులు రక్షణ పొంది పోగొట్టుకున్నవాళ్లా, అసలు పొందనివాళ్లా? ఆ అధ్యాయంలోని ఏ మాటను బట్టి అట్ల చెప్తున్నరో చూపిస్తరా?