జిరాక్స్ తీస్తే నల్లగీత, కంప్యూటర్ నుంచి ఇస్తే లేదు: తప్పు స్కానర్‌దా, ప్రింటర్‌దా?

ప్రశ్న (రాజోలు దగ్గర జిరాక్స్ షాపు)

అందరికీ నమస్కారమండి. మా షాపులో జిరాక్స్, ప్రింట్, స్కాన్ మూడూ ఒకే మెషిన్ మీద చేస్తాం. నలుపు తెలుపు లేజర్ మెషిన్. పైన కాగితాల దొంతర పెడితే ఒక్కొక్కటే లాక్కునే ఫీడర్ ఉంది. ముసురు పట్టిన దగ్గర్నుంచి మూడు ఇబ్బందులు వచ్చాయి. ఫీడర్‌లో పెట్టి తీసిన ప్రతి కాపీ మీదా కుడిపక్క, పైనుంచి కిందిదాకా సన్నటి నల్లగీత పడుతోంది. అది కాక అక్షరాలు అక్కడక్కడ వెలిసిపోయినట్టు వస్తున్నాయి. కాగితం గొట్టంలా చుట్టుకుపోయి, రెండో వైపు ప్రింట్ తీసేటప్పుడు లోపల ఇరుక్కుంటోంది. మెకానిక్‌కి ఫోన్ చేస్తే చూడకుండానే డ్రమ్ము (టోనర్ పొడి ఉండే కాట్రిడ్జిలో తిరిగే గొట్టం) పోయింది, కాట్రిడ్జి మొత్తం మార్చాలి అన్నారు. అడ్మిషన్ల సీజను, పొద్దున్నుంచీ జనం నిలబడే ఉంటున్నారు. పిల్లల సర్టిఫికెట్ కాపీ మీద గీత ఉంటే కాలేజీలో వెనక్కి పంపేస్తున్నారు. నిజంగా మార్చాల్సిందేనా అండి? చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు (పాలకొల్లు, ప్రింటర్ రిపేర్లు)

అమ్మా, కాట్రిడ్జి ఇప్పుడే కొనకండి. ముందు ఒక చిన్న పరీక్ష చేయండి.

మీ మెషిన్ చూడ్డానికి ఒకటే గానీ లోపల రెండు పరికరాలు. మూత ఉన్న పైభాగం స్కానర్. అది కాగితాన్ని చూసి లోపలికి పంపేది, అంటే ఇన్‌పుట్. ట్రే, కాట్రిడ్జి ఉన్న కింది భాగం ప్రింటర్, అది ఔట్‌పుట్. జిరాక్స్ తీయడమంటే పైది చూసినదాన్ని కిందిది అచ్చు వేయడం. కంప్యూటర్ నుంచి ప్రింట్ ఇచ్చినప్పుడు స్కానర్‌కి పనే లేదు. కాబట్టి కంప్యూటర్ నుంచి ఒక పేజీ తీయండి. తర్వాత ఏదైనా ఒక కాగితాన్ని ఫీడర్‌లో పెట్టి ఒక కాపీ, అదే కాగితాన్ని మూత ఎత్తి అద్దం మీద పెట్టి ఇంకో కాపీ తీయండి. మూడూ పక్కపక్కన పెట్టుకుని గీత దేంట్లో ఉందో, వెలిసిన అక్షరాలు దేంట్లో ఉన్నాయో చెప్పండి.

ప్రశ్న అడిగినవారు

చేశానండి. కంప్యూటర్ నుంచి తీసినదాంట్లో గీత లేదు. అద్దం మీద పెట్టినదాంట్లోనూ లేదు. ఫీడర్ కాపీలోనే ఉంది. వెలిసిపోవడం, చుట్టుకోవడం మాత్రం మూడింట్లోనూ ఉన్నాయి.

జవాబు (పాలకొల్లు)

అయితే మీ డ్రమ్ముకి ఏం కాలేదు. ఇవి రెండు వేరు వేరు జబ్బులు.

ముందు గీత సంగతి. మూత ఎత్తితే పెద్ద అద్దానికి పక్కన వేలెడు వెడల్పు కూడా లేని ఇంకో అద్దం పట్టీ కనిపిస్తుంది. అద్దం మీద కాగితం పెట్టి తీసినప్పుడు కాగితం కదలదు, కింద సెన్సారు ఈ చివర నుంచి ఆ చివరకి నడుస్తుంది. అప్పుడు అద్దం మీద మరక ఉంటే కాపీలో చుక్కగా పడుతుంది, అంతే. ఫీడర్‌లో పెడితే పద్ధతి తిరగబడుతుంది. సెన్సారు ఆ సన్న పట్టీ కింద కదలకుండా ఆగుతుంది, కాగితమే దాని మీదుగా జారిపోతుంది. పెన్ను కదలకుండా పట్టుకుని కింద కాగితాన్ని లాగితే గీత పడదూ, అచ్చం అలాగే. ఆవగింజలో సగం మరక చాలు, పేజీ పొడుగునా గీత వస్తుంది.

ఆ మరక సాధారణంగా వైట్‌నర్, లేదా ఆరని గమ్. ఫోటో అంటించిన దరఖాస్తును గమ్ ఆరకుండా ఫీడర్‌లో వేస్తే అక్కడే అంటుకుంటుంది. ఇప్పుడు స్విచ్ ఆపండి. గీత పడిన కాపీని వెలుతురులో పట్టుకుని, గీత అంచు నుంచి ఎంత దూరంలో ఉందో చూసి పట్టీ మీద దాదాపు అంతే దూరంలో వెతకండి. కంటికి కనపడకపోతే వేలి కొసతో తడమండి, గరుకుగా తగులుతుంది. మెత్తటి బట్టకి కొంచెం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్ది, మరక మీద కాసేపు ఉంచి, నానాక గోటితో మెల్లగా తీయండి. బ్లేడు మాత్రం పెట్టొద్దు. అద్దం మీద గాటు పడితే ఆ గీత ఇక శాశ్వతం. ద్రవాన్ని నేరుగా అద్దం మీద పోయకండి, అంచుల్లోంచి లోపలికి దిగుతుంది. పట్టీకి ఎదురుగా మూత అడుగున ఉండే తెల్లటి భాగాన్నీ తుడవండి.

ఇక వెలిసిపోవడం, చుట్టుకోవడం. ఈ రెండిటికీ కారణం కాగితానికి పట్టిన తేమ అని నా నమ్మకం. 1938లో అమెరికా ఆవిష్కర్త చెస్టర్ కార్ల్‌సన్ ఈ జిరాక్స్ పద్ధతిలో మొదటి కాపీ తీసినప్పటి నుంచీ మూల సూత్రం మారలేదు: విద్యుదావేశం, పొడి, వేడి. డ్రమ్ము మీద ఉన్న ఆవేశాన్ని లేజర్ కిరణం అక్షరాల ఆకారంలో మారుస్తుంది. అక్కడికే టోనర్ పొడి అంటుకుంటుంది. కాగితం వెనక ఉండే రోలరు వ్యతిరేక ఆవేశంతో ఆ పొడిని కాగితం మీదికి లాగుతుంది. పొడిగా ఉన్న కాగితం ఆ ఆవేశాన్ని నిలబెట్టుకుంటుంది. తేమ పట్టిన కాగితం జార్చేస్తుంది. జారిన చోట పొడి సరిగ్గా దిగదు, అక్షరం వెలిసినట్టు కనిపిస్తుంది. తర్వాత కాగితం ఫ్యూజర్ రోలర్ల మధ్యకు వెళ్తుంది. అక్కడ వేడి 180 నుంచి 200 డిగ్రీల దాకా ఉంటుంది. టోనర్ అంటే ప్లాస్టిక్ పొడే కాబట్టి కరిగి కాగితానికి పట్టేస్తుంది. అదే వేడికి కాగితంలో తేమ ఒక్కసారిగా ఆవిరై, ఒక వైపు ఎక్కువ ఆరి, కాగితం చుట్టుకుపోతుంది. ప్రింట్ బయటికొచ్చే చోట సన్నగా పొగలాంటిది కనిపించిందా? అది ఆవిరే, భయపడకండి.

మన కోనసీమ గాలిలో వానాకాలం ఒక్క రాత్రి చాలు, విప్పిన కట్ట మెత్తబడిపోతుంది. కొత్త కట్ట విప్పి అప్పటికప్పుడు పది కాగితాలు వేసి చూడండి. అవి శుభ్రంగా వస్తే అనుమానం అక్కర్లేదు. ఇక నుంచి ఆ పూటకి కావలసినన్నే విప్పండి. రాత్రి షాపు మూసేటప్పుడు ట్రేలో మిగిలినవి తీసి మూత గట్టిగా పట్టే ప్లాస్టిక్ డబ్బాలో పెట్టండి. కట్టలు నేల మీదా, గోడకి ఆనించీ పెట్టొద్దు. ఎండలో మాత్రం ఆరబెట్టకండి, అంచులు అలలు తిరిగి ఇంకా ఎక్కువ ఇరుక్కుంటాయి. ప్రింటర్ సెట్టింగుల్లో కాగితం చుట్టుకోవడం తగ్గించే ఆప్షన్ ఉంటే అది కూడా పెట్టి చూడండి.

మెషిన్‌ని కంప్యూటర్ యూపీఎస్‌కి తగిలించి ఉంటే తీసేయండి. ఫ్యూజర్ వేడెక్కేటప్పుడు లాగే కరెంటుని చిన్న యూపీఎస్ మోయలేదు.

ఇంకో సభ్యుడు (నరసాపురం)

గురువుగారూ, నిజంగా డ్రమ్ము పోతే ఎలా తెలుస్తుందండి?

జవాబు (పాలకొల్లు)

కంప్యూటర్ నుంచి తీసిన ప్రింట్‌లోనూ మచ్చ ఉండాలి, అదీ ఒకే ఎడంలో మళ్లీ మళ్లీ పడాలి. డ్రమ్ము గుండ్రంగా తిరిగేది కదా, దాని మీద దెబ్బ ఉంటే చుట్టు తిరిగిన ప్రతిసారీ అచ్చవుతుంది. స్కేలు పెట్టి కొలవండి. చాలా చిన్న లేజర్ ప్రింటర్లలో ఆ ఎడం సుమారు 75 లేదా 94 మిల్లీమీటర్లు ఉంటుంది. అలా ఉంటే డ్రమ్ము మార్చాల్సిందే.

ఇంకో సభ్యురాలు (ముమ్మిడివరం వైపు, బ్యాంకు కస్టమర్ పాయింట్)

అన్నగారూ, ఇదే తరహాలో నా సందేహం కూడా తీర్చండి. ఆధార్ వేలిముద్రతో డబ్బులు తీసేటప్పుడు, కొబ్బరి పీచు పనికెళ్లే ఆడవాళ్లకి ముద్ర పడట్లేదు. వాళ్ల డబ్బులు వాళ్లు తీసుకోవడానికి నాలుగైదుసార్లు తిరుగుతున్నారు. చూస్తే బాధగా ఉంది. కొత్త మెషిన్ కొనాలా?

జవాబు (పాలకొల్లు)

ఇక్కడా ముందు తప్పు ఎక్కడుందో విడదీయాలమ్మా. మెషిన్ లైటే వెలగకపోయినా, డివైస్ రెడీగా లేదని వచ్చినా అది కేబులు, లేదా ఆర్‌డీ సర్వీస్ (వేలిముద్ర మెషిన్‌ని ఆధార్‌తో కలిపే) సాఫ్ట్‌వేర్ గొడవ. ముద్ర తీసుకుని ఆ తర్వాత సరిపోలలేదని వస్తే వేలు సరిగ్గా పడట్లేదన్నమాట. మీ వేలు పెడితే తీసుకుంటుంది కదా? అయితే మెషిన్ బాగానే ఉంది.

ఎక్కువగా వాడే ఆప్టికల్ రకంలో అద్దం కింద నుంచి వెలుతురు పడుతుంది. వేలి గీతల్లో ఎత్తుగా ఉన్నవి అద్దాన్ని తాకిన చోట ఒకలా, తాకని పల్లాల్లో ఇంకోలా వెలుతురు తిరిగి వస్తుంది. ఆ తేడానే బొమ్మ. పీచు ఒరుసుకుని గీతలు అరిగిన వేలు, ఎండిపోయిన వేలు అద్దానికి పూర్తిగా ఆనదు, గీత ముక్కలు ముక్కలుగా పడుతుంది. అందుకని చేతులు కడిగించి, తుడిచి, తడిగుడ్డ మీద వేలు ఒకసారి అద్దించండి. కొబ్బరినూనె రాయనివ్వకండి, అద్దం మీద జిడ్డు పేరుకుని తర్వాత వచ్చేవాళ్లకీ ముద్ర పడదు. రొయ్యల షెడ్డు నుంచి నేరుగా వచ్చినవాళ్లకి ఐసు నీళ్లలో నాని చర్మం ముడతలు పడి ఉంటుంది, వాళ్లని కాసేపు కూర్చోబెట్టండి. మెషిన్ మీద నేరుగా ఎండ పడకూడదు. గట్టిగా నొక్కమని చెప్పకండి, నొక్కితే గీతలు కలిసిపోతాయి. ఆధార్‌లో పది వేళ్లూ ఉంటాయి కాబట్టి ఉంగరపు వేలు, చిటికెన వేలు కూడా పెట్టించి చూడండి, పనిలో అవి తక్కువ అరుగుతాయి. మీ బ్యాంకు యాప్‌లో ముఖంతో గుర్తించే పద్ధతి ఉంటే అది వాడండి. ఏ వేలూ పడకపోతే ఆధార్ కేంద్రానికి పంపి బయోమెట్రిక్ అప్‌డేట్ చేయించాలి.

డబ్బు తీసుకున్నాక మీరిచ్చే స్లిప్పు థర్మల్ కాగితం. అందులో ఇంకు ఉండదు, వేడి తగిలిన చోట నల్లబడుతుంది. రోజులు గడిచేకొద్దీ రాత మాసిపోతుంది, లామినేషన్ చేయిస్తే ఆ వేడికి మొత్తం నల్లబడుతుంది. దాచుకోవాల్సిన స్లిప్పయితే అదే రోజు జిరాక్స్ తీయించుకోమని చెప్పండి.