న్యూయార్క్ నగర పోలీసా, న్యూజెర్సీ పట్టణ పోలీసా: హనుమకొండ తమ్ముడి ప్రశ్న, పెద్దల జవాబులు

ప్రశ్న (హనుమకొండ వాసి, ప్రస్తుతం న్యూజెర్సీలోని ఎడిసన్):

పెద్దలందరికీ నమస్కారం. నా వయసు 31. మా నాన్నగారు మామునూరు బెటాలియన్‌లో హెడ్ కానిస్టేబుల్‌గా రిటైరయ్యారు. నేనూ 2022 నోటిఫికేషన్‌లో 1600 మీటర్ల పరుగు గట్టెక్కి, చివరి రాతపరీక్షలో మార్కులు చాలక ఆగిపోయాను. నా భార్య ఇక్కడి పౌరురాలు కావడంతో గత నెలలో గ్రీన్‌కార్డుపై వచ్చి అత్తగారింట్లో ఉంటున్నాను. పోలీసు ఉద్యోగంపై ఆశ ఇంకా చావలేదు. జీతం, పింఛను చూసుకుంటే న్యూయార్క్ మేలా, న్యూజెర్సీ మేలా చెప్పగలరు.

జవాబు (జెర్సీ సిటీ, 1998లో వచ్చినవాడిని):

తమ్ముడూ, ముందుగా ఒక భ్రమ వదులుకోవాలి. మన దగ్గర ఒకే నియామక మండలి రాష్ట్రమంతటికీ పరీక్ష పెడుతుంది. ఇక్కడ ఏ ఊరి పోలీసు ఆ ఊరిదే. హడ్సన్ నదికి అటూ ఇటూ నగర పోలీసు, కౌంటీ పోలీసు, విమానాశ్రయాలు, ఓడరేవుల కోసం పోర్ట్ అథారిటీ పోలీసు, రైళ్ల కోసం ఎమ్‌టీఏ పోలీసు అంటూ దేనికది వేరుగా నడుస్తాయి. తుపాకీ పట్టే ఉద్యోగానికి గ్రీన్‌కార్డు సరిపోదు, పౌరసత్వం రావాలి. దానికి అయిదేళ్లు పడుతుంది, అప్పటికి నీకు 36 వస్తాయి. నగర పోలీసు పరీక్ష 35వ పుట్టినరోజులోపే రాయాలి కనుక న్యూయార్క్ మాట మరిచిపో. ఇది కళ్లారా చూసి చెబుతున్నాను.

జవాబు (న్యూయార్క్‌లోని క్వీన్స్, నగర పోలీసు శాఖలో సివిలియన్, అంటే యూనిఫాం లేని ఉద్యోగిని):

అన్నగారు అయిదేళ్లని ఘంటాపథంగా చెప్పారు గానీ, అది అందరికీ వర్తించే లెక్క. పౌరుల భార్య లేదా భర్త, గ్రీన్‌కార్డు వచ్చాక వారితోనే కలిసి కాపురం చేస్తూ ఉంటే, మూడేళ్లకే అర్హులవుతారు. ఆ గడువుకు 90 రోజుల ముందే దరఖాస్తు పంపవచ్చు. అంటే తమ్ముడికి 34వ ఏట అవకాశం ఉంది, అయితే ఒక్క ఏడాది కూడా వృథా చేసుకోవడానికి వీల్లేదు.

అసలు అడగవలసిన ప్రశ్న జీతం గురించి కాదు, ఇంటి గురించి. నగర పోలీసు అధికారి న్యూయార్క్ నగరంలోని అయిదు బరోల్లో (విభాగాల్లో) గానీ, న్యూయార్క్ రాష్ట్రంలోని నాసావు, సఫోక్, వెస్ట్‌చెస్టర్, రాక్‌లాండ్, ఆరెంజ్, పుట్నమ్ కౌంటీల్లోగానీ కాపురం ఉండాలి. ఎడిసన్‌లోని అత్తగారిల్లు ఎంత సుఖంగా ఉన్నా ఆ లెక్కలోకి రాదు. న్యూజెర్సీలో సివిల్ సర్వీసు పట్టణాలు, అంటే రాష్ట్రం పెట్టే పరీక్ష జాబితా నుంచి పోలీసులను తీసుకునే ఊళ్లు మాత్రం ఆ ఊరి నివాసులనే జాబితాలో ముందు పెడతాయి. కాబట్టి ఎక్కడ అద్దెకు దిగుతారన్నది ఇప్పుడే, మీ భార్యతో కూర్చుని తేల్చుకోండి.

చదువు సంగతి: 2025లో నగర పోలీసు వారు 60 కాలేజీ క్రెడిట్ల (చదివిన కోర్సులకు ఇచ్చే పాయింట్ల) నిబంధనను 24కు తగ్గించారు, దాంతోపాటే మైలున్నర పరుగును 14 నిమిషాల 21 సెకన్లలో ముగించాలనే పరీక్షను తిరిగి తెచ్చారు. ఆర్ట్స్ కాలేజీ గ్రౌండ్‌లో పరుగెత్తిన కాళ్లకు అది పెద్ద కష్టం కాదు. కాకతీయ విశ్వవిద్యాలయం డిగ్రీని మాత్రం ఇక్కడి సంస్థతో విలువ కట్టించుకోవాలి.

జవాబు (జెర్సీ సిటీ అన్న):

మూడేళ్ల సంగతి చెల్లెలు చెప్పింది సరే, ఒప్పుకుంటాను. కానీ పింఛను చూడండి: నగర పోలీసు ఇరవై ఏళ్లకే పూర్తి పింఛనుతో ఇంటికి వెళ్తాడు, న్యూజెర్సీలో ఇరవై అయిదు.

జవాబు (క్వీన్స్):

ఇరవై ఏళ్ల మాట 2009 జూలైకి ముందు చేరినవారిది. ఆ తరువాత చేరినవారికి 22. జీతం మొదట 60 వేల డాలర్ల దరిదాపుల్లో ఉన్నా, అయిదున్నరేళ్లకు లక్ష దాటుతుంది. నాసావు, సఫోక్ కౌంటీల గరిష్ఠ జీతం అంతకన్నా ఎక్కువే, అయితే వాటి పరీక్ష కొన్నేళ్లకొకసారి వస్తుంది.

జవాబు (ఒకప్పటి అభ్యర్థి, మాది కాజీపేట):

మీరందరూ జీతాల దగ్గరే ఆగిపోయారు. నన్ను ఆపింది జీతమూ కాదు, పరుగూ కాదు, ఒక బేస్‌మెంటు. నేపథ్య విచారణలో గడిచిన ఏళ్లలో ఉన్న ప్రతి ఇంటి చిరునామా, అద్దెకిచ్చినవారి పేరు అడుగుతారు. వచ్చిన కొత్తలో నేను పద్నాలుగు నెలలు ఒకరి ఇంటి బేస్‌మెంటులో, నెలనెలా చేతికి నగదు ఇస్తూ, ఒప్పంద పత్రం లేకుండా ఉన్నాను. విచారణాధికారి ఫోన్ చేస్తే ఆ ఇంటి యజమాని, కింది అంతస్తు అద్దెకివ్వడానికి అనుమతి లేదు కనుక, తన ఇంట్లో ఎవరూ అద్దెకు ఉండలేదని తెగేసి చెప్పాడట. దాంతో అబద్ధం చెప్పింది నేనే అన్నట్టయింది.

బ్యాంకు వాళ్లు కాగితపు స్టేట్‌మెంట్లు ఆపేసి ఏళ్లయింది, ఫోన్ బిల్లు నా మిత్రుడి పేరున ఉంది. ఆఖరుకు మా ఆవిడ పాత సంచి తీసి దులిపితే, గుడిలో నా గోత్రం, నక్షత్రం చెప్పి అర్చన చేయించుకున్నప్పటి రసీదులు మూడు పడ్డాయి. రెండింటి మీద కుంకుమ మరకలు, మూడింటి మీదా ఆ బేస్‌మెంటు చిరునామా, తేదీ ముద్ర. వాటికి తోడు లైబ్రరీ కార్డు నమోదు పత్రం ఇచ్చాక నాలుగు నెలలకు ఫైలు కదిలింది, కానీ అప్పటికి నాకు వేరే ఉద్యోగం వచ్చేసింది. పైగా టెన్త్ మెమోలో ఇంటిపేరు ముందు, పాస్‌పోర్టులో వెనుక ఉండడం చూసి, ఇద్దరు మనుషులా అని అడిగారు.

జవాబు (జెర్సీ సిటీ అన్న):

పౌరసత్వం వచ్చేలోగా నగరంలో ట్రాఫిక్ ఎన్‌ఫోర్స్‌మెంట్ ఏజెంటుగా చేరి పోలీసు శాఖ లోపలికి వెళ్లాలని కొందరు సలహా ఇస్తారు. డిగ్రీ చదివిన పిల్లవాడు గడ్డకట్టే చలిలో వీధుల్లో నిలబడి చలాన్లు రాయాలా? నాకు ససేమిరా నచ్చదు.

జవాబు (క్వీన్స్):

అన్నగారూ, ఆ చలాన్లు రాసే పనితో మొదలుపెట్టి పౌరసత్వం వచ్చాక పోలీసు అయినవారు బంగ్లాదేశీయుల్లో ఎంతోమంది ఉన్నారు, వాళ్లెవరూ చిన్నబోలేదు. అయితే ఆ సివిలియన్ ఉద్యోగానికి కూడా మొదటి రెండేళ్లు నగరంలోనే కాపురం ఉండాలి. తమ్ముడి భార్య ఉద్యోగం ఎడిసన్ దగ్గరయితే అది చిన్న నిర్ణయం కాదు.

జవాబు (హనుమకొండ తమ్ముడు):

నా భార్య ఉద్యోగం ఎడిసన్ పక్కనే, న్యూ బ్రన్‌స్విక్‌లో. ఇల్లు మారడం మీద ఈ రాత్రి మాట్లాడుకుంటాం. మా మామగారి ఇంటికి అద్దె లేదు కనుక ఒప్పంద పత్రమూ లేదు. రేపే ఆయన సంతకంతో, తేదీతో ఒక ఉత్తరం రాయించుకుంటాను.