కుంబ్లేలా వేగంగా వేసే లెగ్ స్పిన్: మా వాడిని మార్చాలా, వద్దా?

గుంటూరు_నాన్న:
మా అబ్బాయికి పద్నాలుగేళ్లు. లెగ్ స్పిన్ (మణికట్టుతో తిప్పే బౌలింగ్) వేస్తాడు, కానీ బంతి పెద్దగా తిరగదు. గాల్లో వేగంగా వెళ్లి, పిచ్ అయ్యాక చటుక్కున పైకి లేస్తుంది. మ్యాటింగ్ (చాప పరిచిన పిచ్) మీద ఆడినన్నాళ్లూ బాగానే వికెట్లు పడ్డాయి. ఇప్పుడు చేరిన అకాడమీలో కోచ్ గారు "స్పీడ్ తగ్గించి గాల్లోకి వెయ్యి, ఇలా వేస్తే లెగ్ స్పిన్ అనరు" అంటున్నారట. తగ్గిస్తే ఫుల్‌టాస్‌లు పడుతున్నాయి. వాడికీ టెన్షన్, నాకూ టెన్షన్. అనిల్ కుంబ్లే ఇలాగే వేసి 619 టెస్టు వికెట్లు తీశాడు కదా? ఆయన ఆట బాగా చూసినవాళ్లు, లీగుల్లో స్పిన్ వేసినవాళ్లు కాస్త చెప్పండి.

దూరదర్శన్_తరం:
1993 హీరో కప్ ఫైనల్ గుర్తుందా ఎవరికైనా? ఈడెన్ గార్డెన్స్, లైట్ల వెలుతురు, అవతల వెస్టిండీస్. మన స్కోరు 225 మాత్రమే. కుంబ్లే 12 పరుగులిచ్చి 6 వికెట్లు తీశాడు, వాళ్లు 123కే ఆలౌట్. మా వీధిలో టీవీ ఉన్న ఇంటి కిటికీకి వేలాడి చూశాం. బంతి తిరుగుతుందని కాచుకున్నవాళ్ల మీదికి అది నేరుగా దూసుకొచ్చేది.

జింఖానా_లెగ్గీ:
గుంటూరు అన్నా, హైదరాబాద్ లీగుల్లో చాలాకాలం లెగ్ స్పిన్ వేసినవాడిగా చెబుతున్నా. కుంబ్లే బంతి తిరగదనేది సగం నిజం. మనిషి ఆరడుగుల పైన, చెయ్యి చెవి పక్కనుంచి నిలువుగా వస్తుంది. అంత ఎత్తు నుంచి టాప్ స్పిన్‌తో (ముందుకు దొర్లేలా తిప్పి) పడ్డ బంతి పక్కకు తిరగడం తక్కువ, పైకి లేవడం ఎక్కువ. బ్యాట్ మధ్యలో తగలాల్సింది హ్యాండిల్ దగ్గర తగిలి సిల్లీ పాయింట్‌లో, అంటే బ్యాట్‌కు దగ్గరగా, నిలబడ్డ ఫీల్డర్ చేతిలో పడుతుంది. అదే యాక్షన్‌తో ఫ్లిప్పర్ వేస్తే కింద నుంచి జారుతుంది. వెనక్కి వెళ్లినవాడు ఎల్‌బీడబ్ల్యూ. అంచు తగలడానికి జానెడు తిరగక్కర్లేదు, రెండు వేళ్లు చాలు.

అసలు సంగతి లెంగ్త్, అంటే బంతి పిచ్ మీద ఎక్కడ పడుతుందన్నది. మీ వాడు ఓవర్లో ఎన్ని బంతులు ఒకే చోట వేస్తున్నాడో చూశారా? స్పీడ్ గొడవ దాని తర్వాతే.

నిజం_చెప్తా:
అందరూ భజన చేస్తున్నారు కాబట్టి రెండో వైపు కూడా చెప్తా. ఆ 619లో 350 మన దేశంలో తీసినవే. మొదటి రోజు నుంచే దుమ్ము లేచే పిచ్‌లు. విదేశాల్లో చాలా ఏళ్లు సాదాసీదాగానే వేశాడు. పిల్లాడికి ఒకే స్పీడ్ నేర్పితే, పిచ్ సాయం చేయని రోజు ఏం చేస్తాడు?

బెంగళూరు_తెలుగోడు:
నిజం బ్రో, మీ పాయింట్‌లో పస ఉంది, కానీ కథ అక్కడితో ఆగలేదు. 2001లో భుజానికి ఆపరేషన్, ఆస్ట్రేలియాతో ఆ చరిత్రాత్మక సిరీస్ మొత్తం పోయింది. హర్భజన్ 32 వికెట్లతో హీరో అయ్యాడు. కుంబ్లే పని అయిపోయిందన్నారు. 2003 చివర్లో ఆస్ట్రేలియా వెళ్లినప్పుడు మొదటి టెస్టులో ఆయనకు చోటే లేదు. తర్వాతి 3 టెస్టుల్లో 24 వికెట్లు! సిడ్నీ మ్యాచ్ ఒక్కదాంట్లోనే 12. అప్పటికి వయసు 33.

ఆ సిరీస్ వీడియోలు తీసి చూడండి. బంతిని కొంచెం నెమ్మదిగా, కొంచెం పైకి వేస్తున్నాడు, గూగ్లీ (లెగ్ స్పిన్‌లా కనిపించి ఎదురు వైపు తిరిగే బంతి) బాగా తేడాగా పడుతోంది. అంటే గుంటూరు గారి కోచ్ చెప్పింది కూడా కుంబ్లే చేశాడు. తన బంతి తన చేతిలో పూర్తిగా కుదిరాక, పదమూడేళ్ల టెస్టు క్రికెట్ తర్వాత చేశాడు. పద్నాలుగేళ్ల పిల్లాడితో మొదటే అది చేయించాలా అన్నది నా అనుమానం.

ఉప్పల్_బ్యాచ్:
ఒక బాధ ఎవరూ చెప్పలేదు. లాల్ బహదూర్ స్టేడియంలో చివరి టెస్టు 1988లో, ఉప్పల్‌లో మొదటిది 2010లో, వైజాగ్‌లో అయితే 2016లో. కుంబ్లే టెస్టులు ఆడింది 1990 నుంచి 2008 దాకా. అంటే మన గడ్డ మీద ఆయన ఒక్క టెస్టు కూడా ఆడలేదు! ఢిల్లీ కోట్లాలో పాకిస్తాన్ మీద 74 పరుగులకు 10 వికెట్లు తీసినప్పుడు, అక్రమ్‌ది పదో వికెట్, ఆ క్యాచ్ పట్టింది మన లక్ష్మణ్. దానితోనే తృప్తి పడాలి.

ఛార్జర్స్_ఫ్యాన్:
2009 ఐపీఎల్ ఫైనల్ మర్చిపోతే ఎలా అన్నా. జొహన్నెస్‌బర్గ్‌లో మన డెక్కన్ ఛార్జర్స్ మీద బెంగళూరు కెప్టెన్ కుంబ్లే మొదటి ఓవర్లోనే గిల్‌క్రిస్ట్‌ను డకౌట్ చేశాడు. 16 పరుగులకు 4 వికెట్లు. మనం 6 పరుగులతో గెలిచాం కానీ మ్యాన్ ఆఫ్ ద మ్యాచ్ ఓడిన కెప్టెన్‌కే ఇచ్చారు. టెస్టుల నుంచి తప్పుకున్నాక, 38 ఏళ్ల వయసులో, టీ20లో!

వరంగల్_అమ్మ:
గుంటూరు అన్నయ్య గారూ, బాబు చదువు మాత్రం వదలనివ్వకండి. కుంబ్లే మెకానికల్ ఇంజినీరింగ్ చదివాడు. మా ఇంట్లో రోజూ ఇదే వాదన, మా వాడు నా మాట వినడు గానీ కుంబ్లే పేరు చెప్తే కాసేపు పుస్తకం పట్టుకుంటాడు.

దూరదర్శన్_తరం:
2002 ఆంటిగ్వా కూడా రాయాలి. బ్యాటింగ్‌లో వెస్టిండీస్ బౌలర్ డిల్లాన్ బంతి తగిలి దవడ విరిగింది. తలకు, గడ్డానికి కట్టు కట్టుకుని వచ్చి 14 ఓవర్లు వేశాడు, లారాను ఎల్‌బీడబ్ల్యూ చేశాడు. తర్వాత విమానమెక్కి ఆపరేషన్‌కి వెళ్లాడు. ఇది మాత్రం పిల్లలకు ఆదర్శంగా చూపకండి బాబూ, దెబ్బ తగిలితే ఆపమనే చెప్పండి.

గుంటూరు_నాన్న:
అందరికీ థాంక్స్. నిన్న నెట్స్‌లో జింఖానా గారు చెప్పినట్టు చూశాను. వాడి మంచి బంతులు మంచి చోటే పడుతున్నాయి, కానీ ఓవర్లో రెండు షార్ట్ పడుతున్నాయి, అవే ఫోర్లు పోతున్నాయి. కోచ్ గారితో ఏమని మాట్లాడాలి?

జింఖానా_లెగ్గీ:
మర్యాదగా ఒక్కటే అడగండి: "సార్, స్పీడ్ ఇప్పటికి వదిలేసి, ముందు షార్ట్ బాల్ ఆపించండి" అని. గుడ్ లెంగ్త్‌లో ఒక చేతిరుమాలు పరిచి దాని మీద వేయించండి. బ్యాట్స్‌మన్ వద్దు. వేగం తనంతట తాను కాస్త తగ్గుతుంది, ఎవరూ తగ్గించమనక్కర్లేదు. గూగ్లీ ఇప్పుడే ముట్టుకోనివ్వకండి, మణికట్టు ముందే పడిపోవడం అలవాటైతే లెగ్ బ్రేక్ (మామూలు లెగ్ స్పిన్ బంతి) పోతుంది. ఇంకోటి, భుజం నొప్పి అంటే ఆ వారం బంతి పట్టుకోనివ్వొద్దు. నెల తర్వాత వీడియో పెట్టండి, వెనక నుంచి తీసింది. పక్క నుంచి తీస్తే చెయ్యి ఎంత నిలువుగా వస్తుందో తెలియదు.