బెజవాడ నుంచి కన్యాకుమారికి ఒక్కడినే, మొదటి రోజు ఒంగోలు దాకా లాగేయొచ్చా?

పెడల్_భవానీపురం:
అన్నలూ, డిసెంబర్లో సైకిల్ మీద కన్యాకుమారి వెళ్దామనుకుంటున్నా, ఒక్కడినే. తొక్కడానికే 14 రోజులు ఉన్నాయి, వచ్చేటప్పుడు సైకిల్ని రైల్లో వేసేస్తా. గేర్ సైకిలే, ప్రతి ఆదివారం గుంటూరు వెళ్ళొస్తుంటా, రానుపోను 70 దాకా అవుద్ది, పెద్ద అలుపేం ఉండదు. అందుకే మొదటి రోజే వారధి దాటి హైవే మీద ఒంగోలు కొట్టేద్దామని, 145 కిలోమీటర్ల దాకా ఉంది, ఒంట్లో ఓపికున్నప్పుడే ఎక్కువ తొక్కేస్తే తర్వాత తేలికవుద్ది కదా అని నా లెక్క. మా వాడొకడు మాత్రం ఒంగోలు సంగతి దేవుడెరుగు నువ్వు చిలకలూరిపేట చేరితే గొప్ప అంటున్నాడు. నాన్నకి చెప్పా, అమ్మకి ఇంకా చెప్పలేదు. వెళ్ళొచ్చినోళ్ళు ఎవరైనా ఉంటే ఎంత దూరం పెట్టుకోవాలో, ఏ రూటో చెప్పండి.

కాలవగట్టు:
తమ్ముడూ, ఆదివారం నువ్వు తొక్కేది ఖాళీ సైకిల్. దానికి వెనక బ్యాగులు తగిలించి, బట్టలు టూల్స్ నీళ్ళు అన్నీ కలిపి ఓ 12 కిలోలు ఎక్కించి ఒక్కసారి వారధి ఎక్కి చూడు, మంగళగిరి రాకముందే తేడా తెలుస్తుంది. ఇంకోటి, ఆదివారం తొక్కాక సోమవారం ఆఫీసులో మెత్తటి కుర్చీ ఉంటుంది, ఇక్కడ పొద్దున లేచి మళ్ళీ అదే సీటు మీద కూర్చోవాలి. 145 తొక్కిన మర్నాడు కూర్చోవడం ఎలా ఉంటుందో రాస్తే బాగోదు.

లెక్కే చూసుకో. మొత్తం 1150 దాకా ఉంటుంది, ఒక రోజు రెస్టు తీసేసినా రోజుకి 90 లోపే. మరి మొదటి రోజే 145 ఎవడికోసం?

నేనైతే హైవే ఎక్కనే ఎక్కను. బ్యారేజీ మీదుగా సీతానగరం వైపు దిగి దుగ్గిరాల, తెనాలి, పొన్నూరు, బాపట్ల. 80, 85 మధ్య అవుద్ది. బ్యారేజీ మీద లారీలు ఉండవు, కాలవ పక్కన చెట్లుంటాయి, అన్నిటికంటే ముఖ్యం మద్రాసు రైలు లైను దాదాపు ఇదే దారిలో పోతుంది. దుగ్గిరాల, తెనాలి, నిడుబ్రోలు, అప్పికట్ల, బాపట్ల, ఎక్కడ చేతులెత్తేసినా దగ్గర్లో స్టేషనుంటుంది. ఈ ముక్క అమ్మకి చెప్పు, పనికొస్తుంది.

ఒక్కటే జాగ్రత్త, డిసెంబరంటే కోతలు. వడ్లు తెచ్చి రోడ్డు మీదే ఆరబోస్తారు, సగం రోడ్డు వడ్లే, దాని మీద బ్రేకు వేశావా సైకిలు నువ్వు రెండూ పొలంలోనే. గడ్డి ట్రాక్టర్లకి వెనక లైటుండదు, చీకటి పడకముందే ఊళ్ళో ఉండు.

మిర్చియార్డ్:
కాలవగట్టు గారూ మీ రూటు చూడ్డానికి బాగుంటది గానీ కొత్తవాడికి నేను హైవేనే చెప్తా. పక్కన తెల్ల గీత అవతల కావాల్సినంత చోటు, కాజ టోల్‌గేటు దగ్గర ఎడం పక్క నుంచి పోవచ్చు, సైకిల్‌కి టోలు లేదు, బంకుల్లో బాత్రూములుంటాయి. చిలకలూరిపేట 75, మధ్యాహ్నానికి చేరిపోతాడు. ఫ్లైఓవర్ల దగ్గర సర్వీసు రోడ్డులోంచి వచ్చి కలిసే బళ్ళు, రాంగ్ సైడు బైకులు, ఈ రెండూ చూసుకుంటే చాలు.

రూటు ఏదైనా పంక్చర్ వెయ్యడం నేర్చుకుని బయల్దేరు. నా మొదటి రోజు కథ ఇదీ: పొన్నూరు ఇవతల వెనక టైరు పోయింది, మగాడిలా కొత్త ట్యూబు వేసేశా, కిలోమీటరు కూడా పోలేదు మళ్ళీ పోయింది. నెట్టుకుంటూ వెళ్తే ఒక పంక్చర్ షాపు, అక్కడ బాబాయి ట్యూబు ముట్టుకోకుండా ముందు టైరు లోపల గుడ్డ పెట్టి చుట్టూ తిప్పాడు, ఒకచోట టక్కున పట్టుకుంది. తుమ్మ ముల్లు, కొస విరిగి లోపలే ఉండిపోయింది, బయటికి కనపడదు. రెండో ట్యూబుని చంపింది కూడా అదే. సరే ప్యాచ్ వేశాడు, గాలి కొడదామంటే నాది సన్న వాల్వు, ప్రెస్టా, ఆయన పంపు దానికి పట్టదు. నా చిన్న పంపుతో అరగంట కొట్టుకున్నా, ఆయన పాపం చివర్లో టీ ఇప్పించాడు. సన్న వాల్వుకి తగిలిస్తే మామూలు పంపు పట్టే ఇత్తడి అడాప్టర్ ఒకటుంటది, గోరంత, అప్పట్నుంచి నా పర్సులోనే ఉంది.

చీరాల_గాలి:
డిసెంబర్లో గాలి ఈశాన్యం నుంచి కాబట్టి దక్షిణానికి పోయేవాడికి వీపు మీద చెయ్యేసి తోసినట్టు ఉంటుంది. అదే మోసం కూడా, నాకే బలం వచ్చిందనుకుని పెద్ద గేర్లో తొక్కుకుంటూ పోయి సాయంత్రానికి మోకాళ్ళు పట్టుకుని కూర్చున్నా. తేలిక గేర్లో గబగబా తిప్పు. బయల్దేరే ముందు వాతావరణం చూసుకో, వాయుగుండం ఉంటే ఆ రోజు ఇంట్లోనే.

ఇంకా, ప్యాడ్ షార్ట్, అదే కూర్చునే చోట మెత్త కుట్టిన సైకిల్ నిక్కరు, వేసుకుంటే లోపల డ్రాయరు వద్దు. కుట్లు రాసుకుని తోలు లేచిపోతుంది. సిగ్గుపడి ఎవరూ చెప్పరు, నాకూ ఎవరూ చెప్పలేదు. రాత్రి లాడ్జిలో వ్యాజ్‌లీన్. దాహం వేసేదాకా ఆగకు, గంటకో అరలీటరు పోతుండాలి, మధ్యలో ఒకటి రెండు బాటిళ్ళు ఓఆర్ఎస్. ఆధార్ కార్డు పైన పెట్టుకో, లాడ్జి కౌంటర్లో బ్యాగంతా విప్పే పని ఉండదు. రూము కింద ఫ్లోర్లో అడుగు, సైకిలు లోపల పెట్టనిస్తారా అని డబ్బులు కట్టకముందే అడుగు.

పెడల్_భవానీపురం:
అప్‌డేట్. బాపట్ల లాడ్జి నుంచి రాస్తున్నా, సైకిలు మంచం పక్కనే ఉంది. పొద్దున ఆరింటికి బ్యారేజీ మీద ఉన్నా, మంచుకి కొండ మీద గుడి కూడా సరిగ్గా కనపడలేదు. 86 అయింది. తెనాలి దాకా రాజాలా వచ్చా, ఇడ్లీ తిని ఇంక ఒంగోలే పోదామా అని ఒక్క క్షణం అనిపించిన మాట నిజం. పొన్నూరు దాటాక ఎండ ఎక్కింది, అప్పికట్ల దగ్గర వడ్లు, ఒక పెద్దావిడ కాళ్ళతో తిరగేస్తోంది, నన్ను చూసి "దిగి నడు నాయనా, జారుద్ది" అంది. దిగి నడిచా. ఆ నడకలో తెలిసింది కాళ్ళు ఎంత వణుకుతున్నాయో. మిగతా దూరం కిలోమీటరు రాళ్ళు లెక్కపెట్టుకుంటూ వచ్చా.

పంక్చర్ పడలేదు. అడాప్టర్ కొన్నా అన్నా. డ్రాయర్ విషయం మాత్రం చదివి కూడా నమ్మలేదు, ఇప్పుడు నమ్ముతున్నా.

సూర్యలంక ఇక్కడికి 9 కిలోమీటర్లంట, సాయంత్రం చూసొద్దామనుకున్నా గానీ మళ్ళీ ఆ సీటు మీద కూర్చునే ధైర్యం లేదు, ఆటోకి ఎంతడుగుతారో ఎవరైనా చెప్పండి. అమ్మ ఫోను, ఇప్పటికి ఐదోసారి.