‘నిన్ను ప్రేమిస్తున్నాను’ అని ఎవరంటారు?

మా అక్క కూతురికి పదహారేళ్లు. డాలస్‌లో పుట్టి పెరిగింది. తెలుగు అర్థమవుతుంది, ఇంట్లో మాట్లాడుతుంది, చదవడం మాత్రం రాదు. కాబట్టి దానికి తెలుగు నవల అంటే చెవితో వినేదే. ఈ సెలవుల్లో వచ్చినప్పుడు ఇద్దరం చెరో ఇయర్‌ఫోన్ పెట్టుకుని ఒక కాలేజీ ప్రేమకథ విన్నాం. ఈమధ్యే వచ్చిన ఆడియో సీరియల్. కథ బాగానే నడిచింది, చదివే అమ్మాయి గొంతు హాయిగా ఉంది. తీరా అబ్బాయి మనసు విప్పే ఘట్టం వచ్చింది. వాన, బస్టాపు, ఇద్దరూ తడిసి ముద్దయ్యారు. “నేను నిన్ను ప్రేమిస్తున్నాను” అన్నాడు. మా పిల్ల ఇయర్‌ఫోన్ తీసేసి, “పిన్నీ, నిజంగా ఎవరైనా ఇలా అంటారా?” అని అడిగింది.

అప్పటి నుంచి దాని గురించే ఆలోచిస్తున్నాను.

తప్పు ‘ప్రేమించు’ అన్న మాటది కాదు. ‘వాళ్లు ప్రేమించి పెళ్లి చేసుకున్నారు’ అని ఊరంతా అంటుంది. ‘వాళ్లిద్దరూ ప్రేమించుకుంటున్నారట’ అనీ అంటాం. వేరేవాళ్ల సంగతి చెప్పేటప్పుడు, అయిపోయిన సంగతి చెప్పేటప్పుడు ఆ క్రియ చక్కగా ఒదుగుతుంది. మనిషి ఎదురుగా నిలబడి ‘నేను, నిన్ను’ అన్నప్పుడే బిగుసుకుపోతుంది.

నాకు తోచిన కారణం ఇది. మనసులో కలిగేవాటిని తెలుగులో ఎక్కువగా మనం చేసే పనులుగా చెప్పం. నాకు భయం, నాకు ఆకలేస్తోంది, నాకు తెలుసు, నాకు కావాలి, నాకిష్టం. అన్నిటికీ ‘నాకు’. ఆకలి నేను చేసేది కాదు, నాకు వేసేది. తమిళంలో ‘ఎనక్కు పిడిక్కుం’ అన్నా, కన్నడంలో ‘ననగె ఇష్ట’ అన్నా పద్ధతి ఇదే. ‘నేను నిన్ను ప్రేమిస్తున్నాను’ అనేసరికి ‘నేను నీళ్లు తోడుతున్నాను’ లాగా అదొక పనైపోతుంది. పైగా ఆ ‘స్తున్నాను’ వింటే, ఇప్పుడు జరుగుతోంది, కాసేపట్లో అయిపోతుంది అన్నట్టుంటుంది.

కాగితం మీదైతే కన్ను దాన్ని దాటుకుని వెళ్లిపోతుంది. చదివే గొంతుకి ఆ వీలు లేదు, ప్రతి అక్షరం పలకాలి. అందుకే నలభై ఏళ్ల కిందటి నవలల్లో మనం పట్టించుకోని వాక్యం ఇప్పుడు చెవిలో పడగానే గుచ్చుకుంటోంది.

ఇక ‘నువ్వంటే నాకిష్టం’ చూడండి. అందులో ‘అంటే’ ‘అను’ ధాతువు నుంచి వచ్చిందే. నువ్వు అని అంటే చాలు, నాకు ఇష్టం కలుగుతుంది! ఆ మాట కట్టుబడిలోనే అంత ఉంది. నువ్వంటే ప్రాణం, నువ్వంటే భయం, నువ్వంటే గిట్టదు. ‘నువ్వంటే’ దాకా వచ్చి గొంతు ఒక్క క్షణం ఆగిందంటే వినేవాళ్ల ఊపిరీ ఆగుతుంది, తర్వాత ఏ మాటైనా రావచ్చు కాబట్టి. ఆడియోలో చదివేవాళ్లకి అంతకన్నా మంచి చోటు ఏం దొరుకుతుంది?

మీ ఇళ్లలో, మీ వైపు ఈ మాట ఎలా అంటారో చెప్పండి.

వ్యాఖ్య: మాది కరీంనగర్ దగ్గర పల్లె. మా దిక్కు ‘నువ్వంటే నాకు పాణం’ అంటారండి. ఇంకా మొదట్లోనే అయితే ‘నువ్వు నాకు మంచిగనిపిస్తవ్’. రెండిట్లోనూ మీరన్న ‘నాకు’ ఉంది. ఆడియో కథల్లో వరంగల్ కుర్రాడు కూడా ‘ప్రేమిస్తున్నాను’ అంటుంటే మాకు ఇంకా దూరంగా ఉంటుంది.

వ్యాఖ్య: అక్కా, నేను ఇంజినీరింగ్ రెండో సంవత్సరం. మా దగ్గర ఇవేవీ అనరు. ‘వాడు నాకు ఐలవ్యూ చెప్పాడు’ అంటాం. అది మాకు తెలుగు మాటే. ‘ఇష్టం’ సరిపోదు కూడా. బిర్యానీ అన్నా ఇష్టమే కదా.

వ్యాఖ్య: గురజాడ వారి మాట గుర్తుకొచ్చింది: ‘ప్రేమ నిచ్చిన ప్రేమ వచ్చును, ప్రేమ నిలిపిన ప్రేమ నిలుచును’. ‘ప్రేమించు’ అనలేదు చూడండి. ఇవ్వడం, రావడం, నిలవడం.

పోస్టు రాసినవారి జవాబు: గురజాడ వాక్యం ఇన్నిసార్లు చదివినా నేను గమనించలేదు. ప్రేమ అక్కడ రాకపోకలున్న వస్తువు. నమస్కారమండీ.

చెల్లీ, ‘ఐలవ్యూ చెప్పాడు’ నాకూ నచ్చింది. ‘చెప్పు’ చేర్చి దాన్ని నామవాచకం చేసేశారు, ‘ఐలవ్యూలు చెప్పుకున్నారు’ అని బహువచనం కూడా ఇచ్చారు. రచయితలు దాన్ని అలాగే రాస్తే బాగుంటుంది, భయపడి ‘ప్రేమిస్తున్నాను’ అని అనువదించకుండా. కానీ బిర్యానీ విషయంలో నీతో ఏకీభవించను. పదహారేళ్ల పిల్లల కథకి కావాల్సింది సరిగ్గా ఆ అస్పష్టతే. ‘ఇష్టం’ అన్నవాడు కావాలంటే వెనక్కి తగ్గొచ్చు. విన్న అమ్మాయి ‘ఎలాంటి ఇష్టం?’ అని అడగొచ్చు, అడగలేక రెండు రోజులు నిద్రపోకుండా ఉండొచ్చు. ‘ప్రేమిస్తున్నాను’ అన్నాక అడగడానికి ఏమీ మిగలదు.

ఇంకొకటి చెప్పాలి. మరుసటి రోజు మేమిద్దరం తర్వాతి భాగం విన్నాం. ‘నేను నిన్ను ప్రేమిస్తున్నాను’ అన్నదానికి వ్యాకరణం ప్రకారం జవాబు ‘నేను కూడా’ అని రావాలి. కథలో ఆ అమ్మాయి చాలాసేపు ఏమీ అనలేదు. వాన చప్పుడు వినిపించింది. తర్వాత చిన్న గొంతుతో “నాక్కూడా” అంది.