హెడ్‌లైట్లు వేస్తే టెంపరేచర్ ముల్లు పైకి పోతోంది, ఎందుకు?

ప్రశ్న: పాత పెట్రోల్ కారు. పగలంతా ముల్లు బుద్ధిగా మధ్యలోనే ఉంటుంది, రాత్రి హెడ్‌లైట్లూ బ్లోవరూ వేశానంటే ఎర్ర గీత దాకా పోతుంది, ఆపేస్తే దిగిపోతుంది. కూలెంట్ తగ్గట్లేదు, ఆవిరీ లేదు. మెకానిక్ సెన్సర్ మార్చినా అదే తంతు. బండి తీయాలంటేనే టెన్షన్‌గా ఉంది.

రిప్లై 1: థర్మోస్టాట్ (రేడియేటర్‌కి కూలెంట్ వెళ్లే దారిని తెరిచి మూసే వాల్వ్) తెరుచుకుని ఇరుక్కుపోయి ఉంటుంది బ్రో, మార్చేయ్.

రిప్లై 2: అలా ఇరుక్కుంటే ముల్లు కిందకి పడిపోవాలి కదా, అదీ హైవే మీద మరీ ఎక్కువగా. లైట్లు వేసిన క్షణంలో లీటర్ల కొద్దీ కూలెంట్ వేడెక్కదు, ఇది కరెంటు గొడవే. సెన్సర్‌లో ఉండేది థర్మిస్టర్, చల్లగా ఉన్నప్పుడు దాని రెసిస్టెన్స్ వేల ఓముల్లో ఉంటుంది, 90 డిగ్రీలకి వచ్చేసరికి కొన్ని వందలకి దిగుతుంది, పాత మీటర్లు ముల్లు తిప్పేది దీన్ని బట్టే. మీటర్ బోర్డు ఎర్త్ (కరెంటు బ్యాటరీ నెగటివ్‌కి తిరిగి వెళ్లే దారి) వదులైతే ఆ లెక్క మొత్తం తప్పుతుంది. లైట్లు వేసినప్పుడు పెట్రోల్ ముల్లు కూడా కదులుతోందా చూడండి. మల్టీమీటర్ ఉంటే లైట్లు వేసే ఉంచి, ఒక ప్రోబ్ బ్యాటరీ నెగటివ్‌కీ ఇంకోటి మీటర్ బోర్డు ఎర్త్ వైరుకీ పెట్టండి, 0.2 వోల్టు దాటితే దొంగ దొరికినట్టే.

రిప్లై 3: ఎప్పుడైనా స్కానర్ పెడితే 91 డిగ్రీలు వచ్చినా మీటర్ బాగుందనుకోకండి, చాలా పాత బళ్లలో స్కానర్ చదివే ఈసీయూకి (ఇంజిన్ కంప్యూటర్‌కి) ఒక సెన్సర్, ముల్లుకి వేరే సెన్సర్. ఇంకోటి, ఒంటి వైరు సెన్సరైతే మరలకి టెఫ్లాన్ టేప్ చుట్టకూడదు, దాని ఎర్త్ ఇంజిన్ బాడీ నుంచే అందాలి, టేప్ అడ్డొస్తే ముల్లు తక్కువ చూపిస్తుంది.

ప్రశ్న అడిగినవారు: పెట్రోల్ ముల్లూ కదులుతోంది! కొలిస్తే 0.9 వోల్టు వచ్చింది. డాష్‌బోర్డు కింద ఎర్త్ బోల్టు తీస్తే రింగంతా పచ్చగా చిలుము పట్టి ఉంది, ఎమరీ పేపర్‌తో గీకి బిగించాక లైట్లు వేసినా ముల్లు ఉలకట్లేదు. థాంక్స్ అన్నా. మా తమ్ముడి కొత్త కారులో ఎండలో ట్రాఫిక్‌లో కూడా ముల్లు అసలు కదలదు, అదీ ఎర్తేనా?

రిప్లై 2: కాదు, చాలా కొత్త బళ్లలో కావాలనే అలా పెడతారు, మామూలు వేడిలో కాస్త అటూ ఇటూ అయినా ముల్లు మధ్యలోనే నిలబడుతుంది. అది మధ్య దాటి కదిలిందంటే మాత్రం పక్కకి తీసి ఇంజిన్ ఆపేయమనండి, వేడి మీద రేడియేటర్ మూత తీయొద్దనండి.